ఏజెంటు ఎవరి మనిషి?

శనివారం మధ్యాహ్నం కోకాపేట నియోపోలిస్ రోడ్డులో కారు కాస్త నెమ్మదించిందంటే చాలు, గొడుగు కింద నిలబడ్డ కుర్రాడు కిటికీ దగ్గరికి వచ్చేస్తాడు. మెడలో ట్యాగు, చేతిలో బ్రోచర్. "త్రీ బీహెచ్‌కేనా సార్? ఈస్ట్ ఫేసింగ్ రెండే మిగిలినయి. ఇయ్యాల బుక్ చేస్తే పాత రేటే." కొండాపూర్ లోపలి వీధుల్లో ఇదే పని వాచ్‌మన్ చేస్తాడు, ఇస్త్రీ బండి అతను చేస్తాడు, కిరాణా కొట్టు యజమాని చేస్తాడు. గచ్చిబౌలిలో వారమంతా కోడ్ రాసి, వారాంతంలో తెల్లాపూర్ సైట్లు చూపించే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ ఉన్నారు.

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి మాదాపూర్ చుట్టూ రాళ్లగుట్టలే ఎక్కువ. 2023 ఆగస్టులో నియోపోలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం రూ.177 కోట్లు పలికింది. వేలంపాటలో పలికిన ధర మర్నాటికల్లా చుట్టుపక్కల ఫ్లాట్ల రేట్లలోకి దిగుతుంది. కోటిన్నర ఫ్లాటు అమ్మిపెడితే ఒక్క శాతం కమీషనే లక్షన్నర. అందుకే ఈ దారిలో ఏజెంట్లకు కొరత లేదు. కొనేవాళ్ల పక్షాన కూర్చుని కాగితం చదివి పెట్టే ఏజెంటుకే కొరత.

నిజానికి చాలామంది ఏజెంటును ఎంచుకోరు, ఏజెంటే వాళ్లను ఎంచుకుంటాడు. మ్యాజిక్‌బ్రిక్స్‌లోనో 99 ఏకర్స్‌లోనో ఒక ప్రకటన చూసి నంబరు ఇస్తే నిమిషాల్లో ఫోన్లు మొదలవుతాయి. ముందుగా ఎవరి ఫోను ఎత్తితే వాళ్లతోనే సైటు చూడటం, వాళ్ల మాట మీదే టోకెన్ ఇవ్వడం. ఇరవయ్యేళ్ల ఈఎంఐ తలకెత్తుకునే నిర్ణయం అలా మొదలవుతోంది. కూరగాయల దగ్గర కూడా నాలుగు బళ్లు తిరిగే మనుషులు ఇక్కడ మాత్రం మొదటి ఫోనుకే లొంగిపోతున్నారు.

ఏజెంటును మొదట అడగాల్సింది ఫ్లాటు గురించి కాదు, అతని డబ్బు గురించి. "ఈ బేరంలో మీకు ఎవరెవరు ఎంతెంత ఇస్తున్నారు?" ఈ ఒక్క ప్రశ్నకు నీళ్లు నమలకుండా జవాబు చెప్పేవారితో మాట కొనసాగించవచ్చు. రీసేల్ ఫ్లాట్లలో అమ్మేవారి నుంచి, కొనేవారి నుంచి చెరో ఒక శాతం, ఒక్కోసారి రెండు శాతం తీసుకోవడం ఇక్కడి ఆనవాయితీ. రెండు వైపులా తీసుకునే మనిషి ధర తగ్గించడానికి ఎంత గట్టిగా మాట్లాడతాడో ఎవరికి వారు ఊహించుకోవచ్చు. బేరం ఎంత త్వరగా తెగితే అతనికి అంత లాభం, ఎంతకు తెగిందన్నది రెండో మాట. కొత్త ప్రాజెక్టుల్లో సంగతి వేరు. అక్కడ ఏజెంటును చానల్ పార్టనర్ అంటారు, కమీషన్ బిల్డరే ఇస్తాడు. "మీ దగ్గర పైసా తీసుకోను మేడమ్" అన్న మాట నిజమే. కానీ నెలలో ఇన్ని ఫ్లాట్లు దాటిస్తే ఇంత ఎక్కువ అని బిల్డర్లు శ్లాబులు పెడతారు. నల్లగండ్లలో ఇల్లు చూద్దామని వచ్చిన కుటుంబాన్ని అదే కారులో కొల్లూరు దాకా తీసుకెళ్లడం వెనక చాలాసార్లు ఆ శ్లాబే ఉంటుంది. ఇది నేరమేమీ కాదు. అయితే అతను ఎవరి మనిషో తెలిశాక, అతను చెప్పే ప్రతి మాటకూ ఎంత విలువ ఇవ్వాలో కొనేవారికి తెలుస్తుంది.

ప్రీలాంచ్ అన్న మాట వినిపిస్తే

హైదరాబాద్ పడమటి వైపు మధ్యతరగతిని అన్నింటికన్నా గట్టిగా దెబ్బతీసినది ప్రీలాంచ్. అనుమతులు రాకముందే, కొన్నిచోట్ల భూమి పూర్తిగా చేతికి రాకముందే, 'మొత్తం సొమ్ము ఒకేసారి కడితే సగం ధరకే' అన్న లెక్కన ఫ్లాట్లు అమ్మేయడం. దీనికి తోడు యూడీఎస్ అని ఇంకో రూపం వచ్చింది. ఫ్లాటు ఇంకా కాగితం మీద కూడా లేదు, భూమిలో అవిభాజ్య వాటా మాత్రం ముందే రిజిస్టర్ చేసి ఇస్తారు. చేతిలో రిజిస్టర్డ్ డాక్యుమెంటు ఉందన్న ధైర్యంతో జనం కట్టేశారు. 2021లో బిల్డర్ల సంఘం క్రెడాయ్ హైదరాబాద్ స్వయంగా ఈ పద్ధతి ప్రమాదమని ప్రచారం చేయాల్సి వచ్చింది.

సాహితి ఇన్‌ఫ్రాటెక్ కేసు ఈ వ్యవహారానికి నిలువెత్తు ఉదాహరణ. అమీన్‌పూర్‌లో 'శర్వాణి ఎలైట్' పేరుతో ఆకాశహర్మ్యాలు కడతామని 2019 నుంచి డబ్బు వసూలు చేసి, అనుమతులు తెచ్చుకోలేదన్నది ఆ సంస్థ మీద ఆరోపణ. సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ అప్పట్లో టీటీడీ పాలకమండలి సభ్యుడు కూడా. 2022 డిసెంబరులో హైదరాబాద్ సీసీఎస్ పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. అప్పుడు బయటికి వచ్చిన లెక్కల్లో సొమ్ము దాదాపు రూ.900 కోట్లు. 2024 సెప్టెంబరులో ఈడీ కూడా ఆయనను అరెస్టు చేసింది. ఆ బాధితుల్లో ఐటీ ఉద్యోగులున్నారు, పదవీ విరమణ సొమ్ము పెట్టినవాళ్లున్నారు, ఒకపక్క అద్దె కడుతూ ఇంకోపక్క లేని ఫ్లాటుకు బ్యాంకు వడ్డీ కడుతున్నవాళ్లున్నారు.

ఇలాంటి అమ్మకాలు పెద్ద పెద్ద హోర్డింగుల మీద కన్నా ఫోన్ల మీద, వాట్సాప్ గ్రూపుల మీద, 'మా బావ కూడా పెట్టాడు' అన్న నమ్మకం మీద నడుస్తాయి. అంటే ఏజెంట్ల మీద నడుస్తాయి. సొమ్ము ముట్టిన రోజే ఏజెంటుకు కమీషన్ ముట్టుతుంది. టవరు లేస్తుందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి. కాబట్టి ఏ ఏజెంటు నోట ప్రీలాంచ్, 'సాఫ్ట్ లాంచ్', 'ఈఓఐ రేటు' అన్న మాటలు వచ్చినా, ప్రాజెక్టు రెరా నంబరు అడగాలి. 'త్వరలో వస్తుంది' అంటే అక్కడితో ఆగిపోవాలి. ఈ విషయంలో మొహమాటానికి చోటు లేదు.

రెరా నంబరు చెప్పేది, చెప్పనిది

2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ఏజెంట్లనూ తన పరిధిలోకి తెచ్చింది. తెలంగాణలో 2017లో నియమాలొచ్చాయి, 2017 జనవరి 1 తర్వాత అనుమతి పొందిన ప్రాజెక్టులకు అవి వర్తిస్తాయి. 500 చదరపు మీటర్ల స్థలం దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా ప్రాజెక్టు రిజిస్టర్ కావాల్సిందే. అలాంటి ప్రాజెక్టుల్లో ఫ్లాటు అమ్మిపెట్టే ఏజెంటుకు విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలని తొమ్మిదో సెక్షన్ చెబుతోంది. రిజిస్టర్ కాని ప్రాజెక్టును అమ్మిపెట్టకూడదని, అబద్ధపు హామీలివ్వకూడదని, కొనేవారికి అందాల్సిన పత్రాలన్నీ అందేలా చూడాలని పదో సెక్షన్. తప్పితే రోజుకు రూ.10 వేల చొప్పున, ఆ ఫ్లాటు ఖరీదులో అయిదు శాతం దాకా జరిమానా. తెలంగాణ రెరా వెబ్‌సైటులో ఏజెంటు పేరుతోనో నంబరుతోనో వెతికితే అతని రిజిస్ట్రేషన్ ఉందో లేదో, గడువు తీరిందో లేదో కనిపిస్తుంది. ప్రాజెక్టు నంబరు 'పి' అక్షరంతో, ఏజెంటు నంబరు 'ఏ' అక్షరంతో మొదలవుతాయి. బ్రోచర్ మీద ప్రాజెక్టు నంబరు చూపించి 'మాకు రెరా ఉంది' అనే ఏజెంట్లు తగులుతుంటారు. అది బిల్డరు నంబరు, అతనిది కాదు.

ఇదే చట్టంలో ఇంకో రక్షణ ఉంది. రిజిస్టర్డ్ సేల్ అగ్రిమెంటు లేకుండా ఫ్లాటు ఖరీదులో పది శాతం మించి బిల్డరు తీసుకోకూడదు. అగ్రిమెంటుకు ముందే ఇరవై శాతం కట్టమని తొందరపెట్టే ఏజెంటుకు ఈ నిబంధన తెలియకపోతే అతను పనికిరాడు, తెలిసీ చెప్పకపోతే ప్రమాదకారి. కార్పెట్ ఏరియా సంగతీ అంతే. హైదరాబాద్‌లో బేరాలు ఇప్పటికీ సూపర్ బిల్టప్ లెక్కన సాగుతాయి. 1,800 చదరపు అడుగులన్న ఫ్లాటులో గోడల మధ్య నడిచే చోటు 1,300 కూడా ఉండకపోవచ్చు. ఆ అంకె బ్రోచర్ వెతక్కుండా చెప్పగలిగాడంటే ఆ ఏజెంటు పని మీద ఉన్నాడని అర్థం.

అయితే రెరా అన్నింటికీ గొడుగు పట్టదు. మియాపూర్‌లోనో కొండాపూర్‌లోనో పదిహేనేళ్ల కిందటి అపార్ట్‌మెంటులో యజమాని నుంచి నేరుగా కొనే ఫ్లాటుకు, అద్దె ఇళ్లకు ఈ కవచం దాదాపు లేనట్టే. ఆ బేరాల్లో ఏజెంటు తెలివితేటలు, నిజాయతీ తప్ప వేరే ఆసరా ఉండదు.

కాగితం తెచ్చాక ఫ్లాటు

మంచి ఏజెంటును గుర్తుపట్టడానికి ఒక సులువైన దారి ఉంది. మొదటిసారి ఫోనులోనే ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ఓసీ (నివాసయోగ్యతా పత్రం) కాపీ పంపమనాలి. 'ముందు ఫ్లాటు చూడండి సార్, నచ్చితే అవన్నీ చూద్దాం' అనేవాళ్లే ఎక్కువ. నచ్చాక చూసే కాగితాన్ని ఎవరూ సరిగ్గా చూడరని వాళ్లకు బాగా తెలుసు. వంటింటి కిటికీలోంచి వచ్చే గాలికి, బాల్కనీలోంచి కనిపించే చెరువుకు మనసు పడిపోయాక లోపాలన్నీ చిన్నవిగా కనిపిస్తాయి.

ఈసీ అంటే రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే రుణభార ధ్రువపత్రం. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు ఆ శాఖ వెబ్‌సైటులో దొరుకుతాయి. ఒక్కో వరుసలో సర్వే నంబరు, హద్దులు, తేదీ, దస్తావేజు ఏ రకానిది, ఎంత విలువ, ఆ తర్వాత పేర్లు. పేరు ముందు 'ఈఎక్స్' అని ఉంటే రాసిచ్చినవారు, 'సీఎల్' అని ఉంటే రాయించుకున్నవారు. కింది నుంచి పైకి చదువుతూ వస్తే నేటి రాయించుకున్నవారే రేపటి రాసిచ్చేవారై గొలుసు తెగకుండా రావాలి. మధ్యలో ఒక పేరు ఎక్కడినుంచో ఊడిపడితే అక్కడ ఆగి అడగాలి. పాత హౌసింగ్ లోన్ తీరిపోయినా రిలీజ్ డాక్యుమెంటు రిజిస్టర్ చేయించకపోతే తనఖా అలాగే కనిపిస్తుంది. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, కోర్టు కేసులు మాత్రం ఈసీలో కనిపించవు. ఏజెంటు ఈ వరుసల మీద వేలు పెట్టి ఎవరి తర్వాత ఎవరో చెప్పగలగాలి. చెప్పలేకపోతే 'మా లాయరుతో చూపిస్తాను' అనైనా అనాలి. 'ఈసీ క్లియర్ సార్' అన్న మూడు ముక్కలతో సరిపెట్టేవాడికి లక్షన్నర ఇవ్వడం దండగ.

ఇంకో మెలిక ఈ ఊరి వాళ్లకే ఎక్కువ తెలుసు. 2012 నాటి జీవో 168 ప్రకారం అపార్ట్‌మెంటు కట్టే బిల్డరు నిర్మాణంలో పది శాతాన్ని అనుమతిచ్చిన సంస్థకు పూచీగా పెట్టాలి. ప్లాను ప్రకారం కట్టి ఓసీ తెచ్చుకున్నాకే ఆ ఫ్లాట్లు విడుదలవుతాయి. వీటినే మార్టిగేజ్ ఫ్లాట్లు అంటారు. కాస్త తక్కువకు వస్తోందని అలాంటి ఫ్లాటును అంటగట్టే ఏజెంట్లు ఉన్నారు. ఫ్లాటు నంబరు మార్టిగేజ్ జాబితాలో ఉందా అని అడిగితే ఏజెంటు ముఖం చూసే సగం విషయం తెలిసిపోతుంది.

రిజిస్టర్ అయింది కదా అన్న ధీమా కూడా ఇక్కడ చెల్లదు. 2017లో మియాపూర్ 101 సర్వే నంబరు చుట్టుపక్కల వందల ఎకరాల ప్రభుత్వ భూమిని ప్రైవేటు పేర్లకు రిజిస్టర్ చేశారన్న వ్యవహారం బయటపడి కూకట్‌పల్లి సబ్‌రిజిస్ట్రార్ అరెస్టయ్యారు. ఐటీ కారిడార్‌కు గుండెకాయ లాంటి మణికొండ జాగీర్‌లో 1,654 ఎకరాలు వక్ఫ్ భూమా, ప్రభుత్వ భూమా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఫిబ్రవరిలో ఆ కోర్టు ప్రభుత్వానిదేనని తేల్చేదాకా అక్కడి ఫ్లాట్ల వాళ్లు ఏళ్ల తరబడి బిక్కుబిక్కుమంటూ బతికారు. ఈ ప్రాంతంలో పనిచేసే ఏజెంటుకు తన సర్వే నంబర్ల కథ తెలిసి ఉండాలి. నిషేధిత ఆస్తుల జాబితా రిజిస్ట్రేషన్ శాఖ సైటులోనే ఉంటుంది. చూసి చెప్పడానికి పది నిమిషాలు చాలు.

చెరువుల సంగతి ఇప్పుడు అందరి నోళ్లలో ఉంది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడింది. ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఎన్ కన్వెన్షన్‌ను కూల్చివేసింది. అదే నెలలో దుర్గం చెరువు చుట్టూ ఉన్న కాలనీల ఇళ్లకు రెవెన్యూ నోటీసులు వెళ్లాయి. పాతికేళ్లుగా ఇంటిపన్ను కడుతున్నవాళ్లు కూడా ఆ రాత్రి నిద్రపోలేదు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టం) గీత నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్. హెచ్‌ఎండీఏ సైటులో చెరువుల మ్యాపులు పెట్టారు. 'లేక్ వ్యూ' అని రేటు పెంచి చెప్పే ఏజెంటు ఆ చెరువు ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో కూడా చూపించాలి.

డాలస్‌లో యజమాని, కొండాపూర్‌లో తాళంచెవి

ఈ కారిడార్‌లో అమ్మకానికొచ్చే ఫ్లాట్లలో చాలా వాటి యజమానులు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. తాళంచెవి మామయ్య దగ్గరో, ఏజెంటు దగ్గరో. అప్పుడు బేరమంతా యజమాని ఇంకొకరికి రాసిచ్చిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద నడుస్తుంది. అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపిన జీపీఏను ఇక్కడ స్టాంపు సుంకం కట్టి రిజిస్ట్రార్ దగ్గర వ్యాలిడేట్ చేయించాలి. జీపీఏ చేతులు మారినంత మాత్రాన యాజమాన్యం మారదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది. యజమానితో వీడియో కాల్ పెట్టించమంటే 'అక్కడ ఇప్పుడు రాత్రి సార్' అని వారం దాటేసే ఏజెంటును వదిలేయడం మేలు.

పన్ను దగ్గర తప్పు జరిగితే దెబ్బ కొనేవారికే. ఖరీదు 50 లక్షలు, అంతకు మించి ఉంటే అమ్మేవారికిచ్చే సొమ్ములోంచే ఒక శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవారు ఎన్నారై అయితే ఆ ఒక శాతం లెక్క చెల్లదు, కోత చాలా ఎక్కువ. తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకునే వీలు అమ్మేవారికి ఉంది. ఈ మాట ముందే చెప్పి, పత్రానికి పట్టే సమయాన్ని అగ్రిమెంటు గడువులో కలిపే ఏజెంటు తన కమీషన్ సంపాదించుకున్నట్టే. మరోపక్క 'కొంత వైట్, కొంత బ్లాక్' అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. స్థిరాస్తి బేరంలో రూ.20 వేలు, అంతకు మించి నగదు అడ్వాన్సు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. బేరం చెడితే ఆ నగదుకు సాక్ష్యం ఏజెంటు మాట ఒక్కటే మిగులుతుంది.

కోటిన్నర ఫ్లాటుకు పైఖర్చు ఎంతో కూడా ఏజెంటు మొదటి రోజే కాగితం మీద వేసి చూపించాలి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే రూ.11.25 లక్షలు. కమీషన్ ఒక శాతమైతే లక్షన్నర. ఏజెంటుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే దాని మీద 18 శాతం, రూ.27 వేలు. ఓసీ రాని కొత్త ఫ్లాటుకు అయిదు శాతం జీఎస్టీ వేరే.

అద్దె ఇంటి ఏజెంటు గురించి ఇంత చెప్పుకోనక్కర్లేదు. ఒక నెల అద్దె కమీషన్, కొన్నిచోట్ల పదిహేను రోజులది. ఇల్లు చూడకముందే 'విజిట్ ఫీజు' అడిగేవారిని, ఆర్మీలో ఉన్నానంటూ క్యూఆర్ కోడ్ పంపి అడ్వాన్సు వేయమనేవారిని నమ్మొద్దు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి.

అమెరికాలో 2024 ఆగస్టు 17 నుంచి ఒక మార్పు వచ్చింది. అక్కడి రియల్టర్ల జాతీయ సంఘం 41.8 కోట్ల డాలర్లకు ఒప్పుకున్న కోర్టు రాజీలో భాగంగా, కొనేవారికి ఇల్లు చూపించేముందే ఏజెంటు తన ఫీజు ఎంతో రాసి సంతకం చేయించుకోవాలి. ఇక్కడ అలాంటి ఒప్పందాన్ని ఎవరూ కాదనలేదు, అడిగేవారే లేరు. ఒక్క పేజీ చాలు. కమీషన్ ఎంత, ఎప్పుడు ఇవ్వాలి, రెండో వైపు నుంచి తీసుకుంటున్నాడా, ఏయే పత్రాలు తెచ్చిపెడతాడు. టోకెన్ రసీదు మీద 'టైటిల్ సరిగా లేకపోయినా, బ్యాంకు లోన్ ఇవ్వకపోయినా సొమ్ము వాపసు' అన్న ఒక వాక్యం. దీనికి ఒప్పుకోని ఏజెంటు స్థానంలో ఇంకొకరిని వెతుక్కోవడానికి పట్టేది ఒకటి రెండు వారాలు.

కమీషన్ మొత్తం రిజిస్ట్రేషన్ రోజే చేతిలో పెట్టకూడదు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు దిగాక చేయాల్సిన పని ఇంకా మిగిలి ఉంటుంది. ఇంటిపన్ను పేరు మార్పు, కరెంటు మీటరు పేరు మార్పు, అసోసియేషన్‌లో పాత యజమాని మెయింటెనెన్స్ బకాయిల లెక్క, కారు పార్కింగ్ నంబరు, గ్యాస్ పైపు కనెక్షన్. సగం కమీషన్ రిజిస్ట్రేషన్ రోజు, మిగతా సగం ఇవన్నీ పూర్తయి కొత్త పేరుతో మొదటి కరెంటు బిల్లు వచ్చాక అని ఆ పేజీలో ముందే రాసుకోవచ్చు.